ఏ మందు తాగాడు? 108 సిబ్బందికి ఓవర్‌డోస్ కేసుల నమోదు, లెక్కపై సమగ్ర మార్గదర్శి

"మావాడు మందు తాగాడు, తొందరగా రండి."

108కి వచ్చే ఈ మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. సారా కావచ్చు, పురుగుల మందు కావచ్చు, గుప్పెడు నిద్ర గోళీలు కావచ్చు, పొడి చేసి సూదితో ఎక్కించుకున్న నొప్పి మాత్రలు కావచ్చు. ఫోన్ ఎత్తినవారు 'ఆల్కహాల్' అని, బండిలోవారు 'పాయిజనింగ్' అని, క్యాజువాలిటీలో 'అన్‌నోన్' అని రాసుకుంటే, ఆ నెలలో జిల్లాలో ఎన్ని ఓవర్‌డోస్‌లు జరిగాయో లెక్క తేల్చడం ఎవరివల్లా కాదు.

ఇది ఈఎంటీలకు (బండిలో రోగిని చూసేవారు), పైలట్లకు (బండి నడిపేవారు), జిల్లాలో పీసీఆర్‌లు (ఒక్కో రోగికి రాసే కేసు పత్రాలు) సరిచూసేవారికి. చికిత్స సంగతి ఇందులో లేదు. దానికి మీ ప్రోటోకాల్, ఫోన్‌లో ఉన్న ఈఆర్‌సీపీ (108 కాల్ సెంటర్‌లోని డాక్టర్) మాటే ప్రమాణం. ఇక్కడున్నది రాత, లెక్క.

## 1. దేన్ని ఓవర్‌డోస్ అంటామో ముందే ఖాయం చేసుకోండి

జిల్లా అంతా ఒకే గీత గీసుకోకపోతే తర్వాత చేసేదంతా వృథా. పనికొచ్చే విభజన ఇది:

- మందుల ఓవర్‌డోస్: మాత్రలు, ఇంజెక్షన్లు, మత్తు పదార్థాలు. ఐసీడీ-10లో (వ్యాధుల అంతర్జాతీయ కోడ్‌ల జాబితా) టి36 నుంచి టి50 వరకు.
- ఆల్కహాల్: టి51. మాత్రలు కూడా మింగి ఉంటే ఓవర్‌డోస్‌గానే లెక్కపెట్టి, ఆల్కహాల్‌ను పక్కన చేర్చండి.
- పురుగు మందులు, గడ్డి మందు: టి60. మన పల్లెల్లో ఇవి తరచూ వచ్చేవే. అందుకే వీటిని ఓవర్‌డోస్‌లో కలిపితే అసలు లెక్క కనిపించకుండా పోతుంది.
- అలవాటైన మత్తు మానేసినందువల్ల వచ్చినవి: వణుకు, ఫిట్స్, పిచ్చిగా ప్రవర్తించడం. ఇది ఓవర్‌డోస్ కాదు, దానికి తిరగేసిన స్థితి.

ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవారికి రెండు రోజులు అది దొరక్కపోతే ఫిట్స్ వస్తాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు వచ్చినవారు ఇలాంటివారే. వాళ్ళను ఓవర్‌డోస్ ఖాతాలో వేస్తే, సరఫరా ఆగిన రోజే సరఫరా పెరిగినట్టు జిల్లా కేసుల పటం చూపిస్తుంది.

నమోదుకు నిర్ధారణ అక్కర్లేదు. 'అనుమానిత ఓవర్‌డోస్' చాలు. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగితే వారాలు పడుతుంది. అమెరికాలో వాషింగ్టన్, బాల్టిమోర్ ప్రాంతంలో 2017లో మొదలైన ఓడీమ్యాప్ (ఓవర్‌డోస్ కేసులను పటం మీద చూపే వ్యవస్థ) నడిచేది ఈ పద్ధతిలోనే. ఎప్పుడు, ఎక్కడ, ప్రాణం పోయిందా ఉందా, నలోక్సోన్ (మాదక నొప్పిమందులకు విరుగుడు) ఇచ్చారా అన్న కొద్దిపాటి వివరాలతో అనుమానిత కేసు వెంటనే పటం మీదకు ఎక్కుతుంది. మిగతావి తర్వాత చేరతాయి.

## 2. బండిలో సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

- జిప్ ఉన్న పారదర్శక కవర్లు 5, వాటి మీద రాసే మార్కర్ పెన్ను
- గట్టి ప్లాస్టిక్ డబ్బా, సిరంజిల కోసం
- మందపాటి గ్లోవ్స్, టార్చి
- గ్లూకోమీటర్, చెల్లుబాటు తేదీ ఉన్న స్ట్రిప్పులు
- సాధారణ మాత్రల పేర్లు, బలం, స్ట్రిప్పుకు ఎన్ని ఉంటాయో రాసిన అట్ట
- ఎయిమ్స్ జాతీయ విష సమాచార కేంద్రం నంబరు: 1800 116 117

డ్యూటీ ఎక్కగానే టాబ్, మానిటర్, చేతి గడియారం మూడింటి సమయం సరిచూడండి. మానిటర్ గడియారం పది నిమిషాలు వెనక ఉంటే, మందు ఇవ్వకముందే రోగి కోలుకున్నట్టు కాగితం మీద తేలుతుంది. తేడా ఉంటే పీసీఆర్‌లో కాల్ సెంటర్ సమయాన్నే వాడండి.

## 3. దారిలోనే అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఫోన్ చేసినవారికి తిరిగి కాల్ చేయండి.

1. "ఏ మందు? తాగే మందా, చేలో కొట్టే మందా, మాత్రలా, సూదా?" ఇలాగే విడగొట్టి అడగండి. 'పాయిజనా?' అంటే అన్నిటికీ అవుననే అంటారు.
2. "ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు చూశారు?"
3. "ఊపిరి తీస్తున్నాడా? పిలిస్తే పలుకుతున్నాడా?"
4. "సీసా, స్ట్రిప్పు, కవర్ ఏదైనా కనిపిస్తోందా? పారేయకుండా అలాగే ఉంచండి."

నాలుగోది తప్పక అడగండి. పరువు పోతుందని, పోలీసులొస్తారని ఇంటివాళ్ళు ముందుగా మాయం చేసేది ఆ స్ట్రిప్పులనే. కాలువలో పడ్డాక ఎవరూ లెక్కపెట్టలేరు.

## 4. చేరాక ఏ వరుసలో చేయాలి

ఊపిరి, నాడి, రక్తంలో చక్కెర ముందు. కాగితం తర్వాత. కానీ ఈఎంటీ రోగి దగ్గర ఉన్నప్పుడు పైలట్ ఖాళీగా నిలబడనక్కర్లేదు. ప్రమాదం లేదని తేలాక చుట్టూ చూసే పని అతనిది.

పైలట్ చూడాల్సిన చోట్లు: దిండు కింద, మంచం కింద, చెత్తబుట్ట, బాత్‌రూమ్ కిటికీ, చొక్కా జేబు. సిరంజి, కాల్చిన రేకు, వైట్‌నర్ సీసా, పంక్చర్ సొల్యూషన్ ట్యూబు, గుడ్డ పీలిక కనబడితే అవీ వివరాలే.

స్ట్రిప్పు లెక్క: ఖాళీ అరలు, మిగిలిన మాత్రలు విడివిడిగా లెక్కపెట్టండి. స్ట్రిప్పంటే పది అనుకోవద్దు, పదిహేను ఉండేవీ ఉన్నాయి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు రాయండి. ఆపై కవర్లో వేసి రోగితోపాటు పంపండి.

ఖాళీ అరల లెక్క మింగిన లెక్క కాదు. "పదిలో ఏడు ఖాళీ" అన్నది మీరు చూసినది. "ఏడు మింగాడు" అన్నది మీ ఊహ. ఆ ఏడింటిలో నాలుగు పోయిన వారం నడుంనొప్పికి వాళ్ళ నాన్న వేసుకుని ఉండవచ్చు.

అందుకే ప్రతి వివరం పక్కన అది ఎలా తెలిసిందో ఒక గుర్తు పెట్టండి:

- చూ: మేం కళ్ళారా చూసింది
- చె: ఎవరో చెప్పింది, ఎవరో కూడా రాయాలి, ఉదాహరణకు 'తల్లి' లేదా 'స్నేహితుడు'
- అ: లక్షణాలను బట్టి మా అనుమానం

టాబ్‌లో ఇందుకు గడి లేకపోతే కథనంలో రాయండి. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కదాన్నే పాటించగలం అనుకుంటే దీన్నే పాటించండి.

సమయం: 'రాత్రి' అని వదిలేయొద్దు. "9.30కి బాగున్నాడు, 10.40కి లేవలేదు" అని రెండు కొసలూ రాయండి. పారాసిటమాల్ విషయంలో ఇది ప్రాణాలమీదికొచ్చే సంగతి. కిలోకు 150 మిల్లీగ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం. 50 కిలోల మనిషికి అది 500 ఎంజీవి 15 మాత్రలు, 650 ఎంజీవైతే 12. మొదటి రోజు రోగి బాగానే మాట్లాడుతూ కనిపిస్తారు. విరుగుడు 8 గంటల్లోపు మొదలైతే బాగా పనిచేస్తుంది. మీరు రాసిన గంటను పట్టుకునే డాక్టరు లెక్క వేసుకుంటారు.

## 5. సూదిమొన కంటిపాప చూసి తొందరపడొద్దు

బయటి దేశాల శిక్షణ పుస్తకాల్లో సూదిమొనంత కంటిపాప, నెమ్మదించిన ఊపిరి, స్పృహ లేకపోవడం మూడూ కలిస్తే మాదక నొప్పిమందుల (ఓపియాయిడ్ల) ఓవర్‌డోస్ అని రాసి ఉంటుంది. తప్పు కాదు. కాకపోతే ఆ పుస్తకం రాసినచోట పత్తి చేలు, మోనోక్రోటోఫాస్ డబ్బాలు లేవు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగు మందు తాగినా కంటిపాప అలాగే ముడుచుకుంటుంది, ఊపిరీ పడిపోతుంది.

తేడా పట్టించేవి తడి, వాసన:

- పురుగు మందు: నోట్లో చొంగ, ఒళ్ళంతా చెమట, కంట నీరు, వాంతి, విరేచనం, ఛాతీలో గురగుర, కండరాలు అదరడం, బట్టలకు ఘాటైన వాసన. నాడి తరచూ నెమ్మదిస్తుంది.
- మాదక నొప్పిమందులు: ఒళ్ళు పొడి. ఊపిరి నిమిషానికి 12 కంటే తక్కువ, గురక, పెదాలు నీలం. చేతి మడతలో సూది గుర్తులు ఉండవచ్చు.
- ట్రామడాల్ (ఇదీ మాదక నొప్పిమందే): ఊపిరి మరీ పడకుండానే ఫిట్స్ రావచ్చు. 'ఫిట్స్' అన్న గడిలో పడి లెక్కకు అందకుండా పోయేది ఎక్కువగా ఇదే.
- నిద్ర గోళీలు: కంటిపాప మామూలుగానే ఉంటుంది. ఒక్కవాటితోనే ఊపిరి అంతగా పడదు. సారానో కల్లో తోడైతే పడుతుంది.
- అమిట్రిప్టిలిన్ వంటి డిప్రెషన్ మందులు: కంటిపాప పెద్దది, నోరు పొడి, నాడి వేగం, ఫిట్స్.
- సుగర్ మాత్రలు: చెమట, స్పృహ లేదు. మీటర్ చెప్పేదాకా పై అన్నిటిలా కనిపిస్తుంది.

కాబట్టి పీసీఆర్‌లో 'పిన్‌పాయింట్ ప్యూపిల్స్' అని ఆపేయకుండా ఐదు గుర్తులూ రాయండి: కంటిపాప, నిమిషానికి ఊపిర్లు, చొంగ ఉందా లేదా, వాసన ఉందా లేదా, చక్కెర ఎంత. ఊపిరి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. చూడకుండా 18 అని, 20 అని వేసే అలవాటు సరిచూసేవారికి ఇట్టే దొరికిపోతుంది. స్పృహ లేని వారందరికీ ఒకే 20 ఉండదు.

'లేదు' వేరు, 'చూడలేదు' వేరు. గడి ఖాళీగా వదిలితే చదివేవారు తమకు తోచినట్టు అనుకుంటారు.

## 6. నలోక్సోన్ ఇస్తే ఎలా రాయాలి

మీ బండి జాబితాలో నలోక్సోన్ ఉండి, ఈఆర్‌సీపీ ఇవ్వమంటే ఈ ఆరూ ఉండాలి:

1. ఇచ్చిన సమయం
2. మిల్లీగ్రాముల్లో మోతాదు
3. ఏ దారిన: నరం, కండరం, ముక్కు
4. ఇచ్చింది ఎవరు, మనకంటే ముందే ఇంకెవరైనా ఇచ్చారా
5. ఇవ్వకముందు ఊపిరి, ఎస్‌పీఓ2 (రక్తంలో ఆక్సిజన్ శాతం), స్పృహ
6. ఇచ్చాక 3 నుంచి 5 నిమిషాలకు అవే మూడు

'రెండు డోసులు' అనొద్దు. మన దగ్గర ఆంప్యూల్ మామూలుగా 0.4 మిల్లీగ్రాములు. అమెరికాలో ముక్కులో కొట్టే స్ప్రే ఒక్కటే 4 మిల్లీగ్రాములు. రెండు డోసులంటే ఒకచోట 0.8, ఇంకోచోట 8.

ఇచ్చినా మార్పు రాలేదంటే 'మార్పు లేదు' అని తప్పక రాయండి. నలోక్సోన్ ఇచ్చిన ప్రతి కేసునూ ఓవర్‌డోస్‌గా లెక్కించడం చాలాచోట్ల జరిగే పొరపాటే. స్పృహ తప్పినవారికి అనుమానంతో ఇస్తారు, తీరా చూస్తే పక్షవాతమో పురుగు మందో అయి ఉంటుంది. ఇవ్వడం కాదు, ఇచ్చాక వచ్చిన మార్పే సాక్ష్యం.

ఈ మందు పనిచేసేది సుమారు 30 నుంచి 90 నిమిషాలు. లేచి కూర్చున్న కుర్రాడు "నేను రాను" అంటే, అప్పటి స్థితి, మళ్ళీ ఊపిరి పడిపోవచ్చని చెప్పిన మాట, విన్న బంధువు సంతకం నమోదు చేయండి. దాన్ని 'రోగి లేడు' అని మూసేయొద్దు. అదీ ఒక ఓవర్‌డోసే, లెక్కలోకి రావాలి.

## 7. కథనం ఎలా ఉండాలి

పనికిరానిది:

> పేషెంట్ అన్‌కాన్షియస్. పాయిజనింగ్. ఫస్ట్ ఎయిడ్ ఇచ్చి షిఫ్ట్ చేశాం.

పనికొచ్చేది, నమూనాగా:

> పురుషుడు, 24. రాత్రి 9.30కి భోంచేశాడు, 10.40కి లేవలేదు (చె: తల్లి). మంచం కింద టపెంటడాల్ 100 ఎంజీ స్ట్రిప్పు, పదిలో ఏడు ఖాళీ, వాడిన సిరంజి ఒకటి (చూ). ఎన్ని వాడాడో తెలియదు. 11.02కి ఊపిరి 6, ఎస్‌పీఓ2 82, కంటిపాపలు సూదిమొన, చొంగ లేదు, వాసన లేదు, చక్కెర 104. బ్యాగ్ మాస్క్‌తో ఊపిరి ఇచ్చాం. ఈఆర్‌సీపీ సూచనపై 11.08కి నలోక్సోన్ 0.4 మి.గ్రా. నరంలోకి. 11.12కి ఊపిరి 14, ఎస్‌పీఓ2 95, పిలిస్తే పలికాడు. మాదక నొప్పిమందు ఓవర్‌డోస్ (అ). కావాలని తీసుకున్నాడా అన్నది తెలియదు. స్ట్రిప్పు క్యాజువాలిటీలో అప్పగించాం.

'కావాలనా, పొరపాటునా' అన్న గడి జాగ్రత్త. నాలుగు ఎంపికలుండాలి: కావాలని, పొరపాటున, ఇంకొకరు ఇచ్చారు, తెలియదు. ఇంటివాళ్ళు 'పొరపాటున' అంటే అది 'చె'. రోగి వేరేగా చెబితే రెండూ రాయండి, తీర్పు మీరు చెప్పొద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. ఈ మాట చెబితే చాలామంది దాచకుండా మాట్లాడతారు.

## 8. ఆసుపత్రిలో అప్పగింత

- స్ట్రిప్పు, సీసా కవర్ చేతికిచ్చి, తీసుకున్నవారి హోదా, సమయం రాయించుకోండి
- ఆసుపత్రి ఓపీ లేదా ఐపీ నంబరు పీసీఆర్‌లో ఎక్కించండి
- ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) చేయాలా అన్నది డాక్టరు నిర్ణయం. మీరు చేయాల్సిందల్లా 'అప్పగించాం' అని రాయడమే
- 48 గంటల ఫాలోఅప్‌లో అడగాల్సింది 'బతికి ఉన్నారా' ఒక్కటే కాదు. చివరికి ఏ పదార్థమని తేలిందో కూడా

ఆ ఐపీ నంబరు లేకపోతే 108 లెక్క, ఆసుపత్రి లెక్క ఎప్పటికీ కలవవు.

## 9. జిల్లా పట్టిక

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక్కో ఘటనకు ఒక్కో రోగి ఒక్క వరుస. నిలువు గడులు: కేసు ఐడీ, తేదీ, కాల్ సమయం, మండలం, ఊరు లేదా వార్డు, వయసు, లింగం, అనుమానిత పదార్థం, ఎలా తెలిసింది, ఉద్దేశం, నలోక్సోన్ మిల్లీగ్రాములు, మార్పు, ఆసుపత్రి నంబరు, 48 గంటల ఫలితం, తేలిన పదార్థం.

'అనుమానిత పదార్థం', 'తేలిన పదార్థం' రెండు వేరు గడులు. తేలాక మొదటిదాన్ని చెరిపేయొద్దు. మన అంచనా ఎక్కడ తప్పుతోందో తెలిసేది ఆ తేడాలోనే.

రెండుసార్లు లెక్కపడేవి: ఏరియా ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి రెఫర్ చేసిన కేసే ఇందులో ప్రధానం. ఊరి నుంచి ఒక పీసీఆర్, రెఫరల్‌కు ఇంకో పీసీఆర్. వయసు, లింగం, ఊరు కలిసి, 24 గంటల్లోపు ఉంటే రెండు కాగితాలూ పక్కన పెట్టుకుని చూడండి. రెండోది రెఫరల్ అయితే వరుస కొట్టేయకుండా 'రెఫర్' అని గుర్తు పెట్టి లెక్కలోంచి తీయండి. అదే మనిషి పది రోజుల తర్వాత మళ్ళీ వస్తే మాత్రం అది కొత్త ఘటన.

ఒకే కల్లు దుకాణం నుంచి ఐదుగురు వస్తే ఐదు వరుసలు, అన్నిటికీ ఒకే ఘటన సంఖ్య.

## 10. ఎప్పుడు గంట కొట్టాలి

గత 28 రోజుల రోజువారీ లెక్క తీసుకోండి. సగటుకు ప్రామాణిక విచలనాన్ని (లెక్క సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతోందో చెప్పే అంకె) రెండు రెట్లు చేసి కలపండి. అదే హెచ్చరిక గీత. ఉదాహరణకు సగటు 1, విచలనం 1 అయితే గీత 3. ఒక రోజులో నాలుగో కేసు వస్తే అప్రమత్తం.

చిన్న మండలాల్లో ఈ లెక్క పనిచేయదు. చాలా రోజులు సున్నా ఉంటుంది కాబట్టి ఒక్క కేసుకే గీత దాటుతుంది. అక్కడ మోటు నియమమే మేలు: 24 గంటల్లో ఒకే ఊళ్ళో, ఒకే పదార్థం అనుమానంతో ఇద్దరు.

గీత దాటాక గంటలోపు:

1. ఆ పీసీఆర్‌లన్నీ తెరిచి, ఒకే మనిషి రెండుసార్లు పడ్డాడేమో చూడండి
2. చోటు, పదార్థం, బ్యాచ్ నంబరు ఏదైనా కలుస్తోందా చూడండి
3. జిల్లా సర్వైలెన్స్ అధికారికి, చుట్టుపక్కల క్యాజువాలిటీలకు ఫోన్ చేయండి
4. ఆ వైపు తిరిగే బండ్లకు లక్షణాలు, మాత్ర రూపం, ప్రాంతం చెప్పండి, పేర్లు వద్దు

## 11. పేర్ల విషయంలో

పట్టికలో పేరు, ఫోన్, ఇంటి నంబరు ఉండకూడదు. అవి పీసీఆర్‌లోనే ఉండాలి. బయటికిచ్చే పటంలో చుక్క ఊరి మీదో వార్డు మీదో పడాలి కానీ గుమ్మం మీద పడకూడదు. ఐదు కంటే తక్కువ ఉన్న గడిని 'ఐదులోపు' అని చూపండి. చిన్న ఊళ్ళో '19 ఏళ్ళ అమ్మాయి, 1' అంటే పేరు చెప్పినట్టే.

దర్యాప్తుకు చట్టప్రకారం రాతపూర్వకంగా అడిగితే దానికి మీ సంస్థలో ఒక దారి ఉంటుంది. ఫోన్‌లో అడిగితే బండి సిబ్బంది ఇవ్వనక్కర్లేదు. 108 వస్తే వెనకే జీపు వస్తుందన్న మాట ఒక బస్తీలో పాకితే, తర్వాతి కుర్రాణ్ణి ఆటోలో తీసుకెళ్తారు, లేదా అసలు తీసుకెళ్ళరు. ఆ నెల మీ పటంలో కేసులు తగ్గుతాయి.

## 12. సోమవారం తనిఖీ

కిందటి వారం పీసీఆర్‌ల నుంచి పది తీయండి. ఐదు ఓవర్‌డోస్ అని ఉన్నవి. మిగతా ఐదు 'స్పృహ లేదు', 'ఫిట్స్', 'ఆల్కహాల్' అని మూసేసినవి. తప్పిపోయిన కేసులు దొరికేది వీటిలోనే. ఒక్కోదాన్ని ఇలా చూడండి:

- ఆఖరుసారి మామూలుగా కనిపించిన గంట ఉందా?
- పదార్థం పక్కన చూ, చె, అ గుర్తు ఉందా?
- ఐదు గుర్తులూ ఉన్నాయా, లేక 'చూడలేదు' అని అయినా ఉందా?
- నలోక్సోన్ ఇస్తే ముందూ వెనకా అంకెలున్నాయా?
- ఆసుపత్రి నంబరు ఉందా?

ఏ గడి ఎక్కువ ఖాళీగా ఉందో ఆ ఒక్కదాన్నే ఆ వారం షిఫ్ట్ మారేటప్పుడు చెప్పండి. ఐదూ ఒకేసారి చెబితే ఒక్కటీ గుర్తుండదు. వచ్చే సోమవారం అదే గడితో మొదలుపెట్టి చూడండి.